ఎడమ అంచున రెండు ఖాళీలు

మా పిన్నికి మాత్రల అట్ట చేతికిస్తే తలనొప్పి సంగతి మర్చిపోయి అట్ట వెనక రాసింది చదువుతుంది. చదివి, "చూడరా, పైన 'రోజుకు రెండుసార్లు వేసుకోండి' అన్నాడు. కింద 'దినమునకు మూడు మించరాదు' అన్నాడు. ఒకే అట్ట మీద ఇద్దరు మనుషులు మాట్లాడుతున్నారు" అంటుంది. మాత్ర వేసుకోమని మేమే గుర్తు చెయ్యాలి. ఇదేదో ముచ్చటపడి చెబుతున్నాననుకోవద్దు. అలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉండటం కష్టం. కాలేజీ మధ్యలో మానేసి, ఇంట్లో మొహం చూపించలేక, పిన్ని వాళ్ళింట్లో నాలుగేళ్ళు పడి తిన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఇరవై ఆరేళ్ళు ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. స్కూలు పుస్తకాలు, ఓటర్ల జాబితాలు, రైళ్ళ టైంటేబుళ్ళు. "టైంటేబుల్లో ఒక్క అంకె తప్పు పోతే ఎవడో ఒకడు సామానుతో ప్లాట్‌ఫారం మీద కూర్చుని నన్ను తిట్టుకుంటాడు" అనేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కడైనా మెచ్చుకున్నాడా అని అడిగితే, "తప్పు లేదని ఎవరైనా ఉత్తరం రాస్తారా?" అని తిరిగి అడిగింది. ప్రెస్సు మూతపడ్డ రోజున ఒక స్టీలు స్కేలు, సగం అరిగిన నాలుగు పెన్సిళ్ళు కవర్లో వేసుకుని ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని పాలప్యాకెట్లు చదివింది.

అప్పటికి నేను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఫోన్లు ఎత్తే ఉద్యోగంలో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీల కోసం మా వాళ్ళు ఒక ప్రోగ్రాం చేశారు. ఏ గదిలో ఎంత చలి ఉంది, ఏ తలుపు ఎంతసేపు తెరిచారు, పాత రికార్డులు ఎక్కడున్నాయి, అన్నీ అది చూసుకుంటుంది. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. కమాండ్ పేరు టైపు చేస్తే పని చేస్తుంది. పేరు పక్కన 'సహాయం' అని కొడితే ఆ కమాండ్ ఎలా వాడాలో ఒక పేజీలో చెబుతుంది. అలాంటి కమాండ్లు నూట పన్నెండు. వాటిని పదకొండేళ్ళలో ఏడుగురు రాశారు. ఎవడి సహాయం పేజీ వాడి ఇష్టం.

నాకు వచ్చే ఫోన్లలో సగం ఆ పేజీల గురించే. ఒక పేజీలో చదరపు బ్రాకెట్లో పెట్టింది తప్పనిసరిగా ఇవ్వాలి. ఇంకో పేజీలో అదే బ్రాకెట్లో పెట్టింది ఇస్తే ఇవ్వచ్చు, మానేస్తే మానెయ్యచ్చు. పాత రికార్డులు చెరిపే కమాండ్‌కి తేదీ ఇవ్వకపోతే ఊరికే ఆగుతుందా, మొత్తం చెరిపేస్తుందా అని నన్ను అడగని ఆపరేటర్ లేడు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. "తేదీ ఇవ్వండి సార్, ఎందుకొచ్చిన గొడవ" అనేవాణ్ణి.

ఒకరోజు మేనేజర్ విసుక్కుంటుంటే, మా పిన్ని ఉంది, పిలవమంటారా అన్నాను.

"కంప్యూటర్ వచ్చా ఆవిడకి?"

"రాదు సార్. తప్పు కనబడితే మాత్రం అన్నం సయించదు."

మేనేజర్, "ఎనిమిది నెలలు. పని నిలబడితే ఉంచుకుంటాం. లేకపోతే మొహమాటాలు లేవు" అన్నాడు. నేను ఆ మాటలు అలాగే పిన్నికి అప్పజెప్పాను. "యాభై మూడేళ్ళ ప్రూఫ్‌రీడర్ని పిలిచి కుర్చీ వేసేవాళ్ళు ఇంకెవరున్నారులే" అంది. టైలరుగా ముప్పై ఏళ్ళు చేసి, కళ్ళు మసకబారి మిషన్ మూసేసిన మా బాబాయి, "ఎనిమిది నెలలు తెర చూస్తే నీ కళ్ళూ నా సరసన చేరతాయి. ఇంట్లో ఇద్దరం గోడలు తడుముకుంటూ నడవాలి" అన్నాడు.

మొదటి వారం పిన్ని కంప్యూటర్ ముట్టుకోలేదు. నూట పన్నెండు పేజీలూ ప్రింటు తీయించుకుని బల్ల మీద పరుచుకుంది. రెండో వారానికి ఏడుగురినీ వేరు చేసింది. పేర్లు ఎవరూ చెప్పలేదు, రాత చూసి పట్టేసింది.

"ఇదిగో, ఇతను అల్లుడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. 'దయచేసి ఫైలు పేరు ఇవ్వగలరు.' ఇతను తమ్ముణ్ణి కసిరినట్టు. 'పేరు ఇవ్వు.' ఇతనికి ఊపిరి ఆడదు, ఎక్కడా ఫుల్‌స్టాప్ పెట్టడు. ఇదిగో ఈయన మాత్రం తాసీల్దారు. 'పేరు ఇవ్వవలెను. ఇవ్వనిచో తిరస్కరించబడును.'"

ఈ 'వలెను'గారు ఎవరో మా అందరికీ తెలుసు. ఆఫీసులో అందరికన్నా పాత ప్రోగ్రామర్. మంచివాడే. ఏమడిగినా "తర్వాత చూద్దాం" అంటాడు. పిన్ని రోజుకోసారి చేతిలో కాగితంతో ఆయన కుర్చీ పక్కన నిలబడేది.

"ఈ కమాండ్‌కి తేదీ ఇవ్వకపోతే ఏమవుతుందండీ?"

"తర్వాత చూద్దాం మేడం."

"మీరు చూడక్కర్లేదు. చెబితే చాలు, నేను రాసుకుంటాను."

"చూస్తే గాని తెలీదు మేడం. రాసి పదేళ్ళయింది."

"అయితే చూడండి. నేను నిలబడతాను."

ఆమె నిలబడేది. అరిచేది కాదు, నిష్టూరమాడేది కాదు, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడేది. చివరికి ఆయనే తట్టుకోలేక ఫైలు తెరిచేవాడు. ఆమెకి ఫుల్‌స్టాప్ మేడం అని పేరు పెట్టింది ఆయనే. విని, "పేరులో కూడా చివర చుక్క పెట్టమని చెప్పు" అంది.

తనకి తాను కొన్ని నియమాలు రాసుకుని గోడకి అంటించుకుంది. ప్రతి వరస ఎడమ అంచు నుంచి నాలుగు ఖాళీలు వదిలి మొదలవ్వాలి. తప్పనిసరిగా ఇవ్వాల్సింది ఒక రకం బ్రాకెట్లో, ఇష్టమైతే ఇచ్చేది ఇంకో రకం బ్రాకెట్లో. వాక్యం చివర చుక్క. అందరితోనూ 'అండి'. ఇంటికొచ్చాక సోఫాలో వెనక్కి వాలి, కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని, "ఇవాళ మూడు అయ్యాయిరా" అనేది. కొన్ని రోజులు ఒకటే. ఒకరోజు "ఏమీ అవ్వలేదు, నిన్నటిది తప్పని తేలింది" అంది. బాబాయి గుడ్డ తడిపి తెచ్చాడు.

ఎనిమిదో నెల మధ్యలో నూట పన్నెండూ పూర్తయ్యాయి. కొత్త పేజీలన్నీ కోల్డ్ స్టోరేజీలకి వెళ్ళాయి. ఆఫీసులో ఎవరూ ఏమీ అనలేదు. తెరల మీద అక్షరాలు వరసలో నిలబడితే చూసి చప్పట్లు కొట్టేవాడు ఎవడుంటాడు? నాకొక్కడికే తెలిసింది, ఎందుకంటే రెండు రోజులు ఫోన్లు దాదాపు మోగలేదు. మూడో రోజు పొద్దున మోగింది.

"ఏం బాబూ, మీ ఆఫీసులో ఇల్లు సర్దే అలవాటు ఎవరికైనా ఉందా?"

గొంతు గుర్తుపట్టాను. ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో ఆపరేటర్, యాభై ఎనిమిదేళ్ళ మనిషి.

"ఏమైందండీ?"

"నా బోర్డు ఖాళీ అయింది. పద్దెనిమిది గదులకి పద్దెనిమిది గీతలు, ఒక్క అంకె లేదు. నిన్న పొద్దుటి నుంచి థర్మామీటరు పట్టుకుని గదిగదికీ నడుస్తున్నా. నా మోకాలు నీకు ఫోన్ చెయ్యమంది, చేశా."

మధ్యాహ్నానికి అలాంటి ఫోన్లు పదకొండు. వలెనుగారు మొదటిసారి తర్వాత చూద్దాం అనకుండా చూశారు. సాయంత్రానికి కారణం దొరికింది. 'రీడింగ్' అనే కమాండ్ సహాయం పేజీ అడుగున, ఆ చోట బిగించిన, చలి కొలిచే మీటర్ల పేర్లు ఒకదాని కింద ఒకటి వస్తాయి. ఆ ఆపరేటర్ ఎప్పుడో సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. అది పది నిమిషాలకోసారి ఆ పేజీ తెరిపించి, ప్రతి వరసలో ఎడమ వైపు రెండు ఖాళీలు వదిలేసి, మూడో గడి నుంచి మీటరు పేరు తీసుకుంటుంది. ఆ పేరుతో చలి ఎంతుందో అడిగి బోర్డు మీద వేస్తుంది. పిన్ని ఆ రెండు ఖాళీల్ని నాలుగు చేసింది. మూడో గడిలో ఇప్పుడు ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని అడిగితే ఏమీ రాలేదు.

మనుషులు చదువుకోడానికి పెట్టిన పేజీని ఒక ప్రోగ్రాం చదువుతోందని మాకెవరికీ తట్టలేదు.

మేనేజర్ చెడ్డవాడు కాదు. అలిసిపోయి ఉన్నాడు. "మొత్తం పాతదే పెట్టేద్దాం" అన్నాడు.

"ఆ ఒక్క పేజీ వెనక్కి తీసుకుంటే సరిపోతుంది కదండీ" అంది పిన్ని.

"ఇంకెక్కడ ఎవరు ఏ పేజీలో ఖాళీలు లెక్కపెట్టుకున్నారో మీకు తెలుసా మేడం?"

"తెలీదు."

"నాకూ తెలీదు. పాతది సిద్ధం చేసి పంపేసరికి ఎటూ రేపు సాయంత్రం అయిదవుతుంది. మొత్తం వెళ్ళిపోతుంది."

ఎనిమిది నెలల పని అంటే నూట పన్నెండు పేజీలు, ఆ కుర్చీ పక్కన నిలబడ్డ కాళ్ళు, తడిగుడ్డ వేసుకున్న కళ్ళు. అది పోతే ఆమెకి ఆఫీసులో చెయ్యడానికి పని లేదు. పని లేకపోతే కుర్చీ లేదు. ఇది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. పిన్ని గోడ మీద నియమాల కాగితం వైపు చూసి, "అయిదు దాకా టైముంది కదా, నేను తెలుసుకుని వస్తాను" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. పిన్ని బ్యాగులో స్కేలు, పెన్సిలు, పాత పేజీలు, కొత్త పేజీలు. దిగేముందు, "ఆయన తిడితే నువ్వు మధ్యలోకి రాకు" అంది.

కోల్డ్ స్టోరేజీ లోపల పొడుగాటి నడవా, రెండు వైపులా మందపాటి తలుపులు. కింద సిమెంటు తడిగా ఉంది, కాళ్ళలోంచి చలి ఎక్కుతోంది. చివర అద్దాల గదిలో ఆపరేటర్ మోకాలికి గుడ్డ చుట్టుకుని, కాలు స్టూలు మీద చాపుకుని ఫోన్లో ఉన్నాడు. వెనక బోర్డు మీద అంకెలు వచ్చేశాయి. కారణం నేను నిన్న సాయంత్రమే చెప్పాను, ఆయన తన ప్రోగ్రాంలో రెండుని నాలుగు చేసుకున్నాడు.

"కింద నుంచి మూడో వరస... అంకె రెండు ఉందా? ... లేదా? మరి ఏముంది? ... అయ్యా, నువ్వు తెరిచింది వేరే ఫైలు."

ఫోన్ పెట్టేసి మమ్మల్ని చూశాడు. పిన్ని ముందుకెళ్ళి, "ఆ సర్దింది నేనేనండి" అంది.

ఆయన ఆమెని పైనుంచి కిందకి ఓసారి చూశాడు. "కుర్రాళ్ళెవరో అనుకున్నా. కూర్చోండి. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి, జాగ్రత్త."

"మిమ్మల్ని నడిపించాను."

"నడిస్తే అరిగేది మోకాలు. గదుల్లో సరుకు బాగానే ఉంది." ఒక నోటుబుక్కు ఆమె ముందుకి తోశాడు. "సమస్య నాది కాదు. నాది పది నిమిషాల్లో మార్చుకున్నా. ఆరేళ్ళ కిందట ఇది రాసినప్పుడు, వాళ్ళూ వీళ్ళూ అడిగితే ఇచ్చా. ముప్పై ఒక్క చోట్ల నాదే నడుస్తోంది. అందులో సగం మందికి అది ఎక్కడుందో కూడా తెలీదు. ఇచ్చినవాణ్ణి నేను కదా, అందుకే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుతున్నా."

నోటుబుక్కులో ముప్పై ఒక్క పేర్లు. తొమ్మిదింటికి టిక్కులు.

"సహాయం పేజీలోంచి పేర్లు తీసుకోవడమేంటండీ?" అన్నాను నేను. నోరు ఊరుకోదు.

"మరెక్కణ్ణుంచి తీసుకోవాలి? మీటర్ల జాబితా ఇచ్చే కమాండ్ ఒకటి పెట్టండయ్యా అని మీ ఆఫీసుకి మూడుసార్లు చెప్పా. ఏమన్నారో తెలుసా?"

"తర్వాత చూద్దాం" అంది పిన్ని.

ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "మీకూ అన్నారా చెల్లెమ్మా?"

"రోజూ."

సొరుగులోంచి ఆయన ఒక ప్రింటు తీశాడు. పాత రీడింగ్ పేజీ. అంచులు నలిగి పసుపెక్కింది. ఎడమ అంచు వెంట పెన్సిలుతో గళ్ళు గీసి, అంకెలు వేసి ఉన్నాయి. పిన్ని కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఇంకొకరు ఒక కాగితాన్ని అంత దగ్గరగా చదివిన గుర్తు ఆమెకి ఎప్పుడూ దొరికి ఉండదు.

"స్కేలు పెట్టి గీశారా?"

"లేదు, అట్టముక్క. మీరు?"

"స్కేలు" అని బ్యాగులోంచి తీసి చూపించింది. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి తిరిగిచ్చాడు.

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. అయిదింటికి అంతా పోతుంది, ఇంకెవరైనా ఇంకే పేజీలోంచైనా ఏమైనా తీసుకుంటున్నారేమో తెలియాలి. "మీరు ఎలాగూ అందరికీ చేస్తున్నారు. ఇంకొక్క ప్రశ్న అడగండి, అన్నయ్యగారూ. నేను రాసుకుంటాను."

టిక్కు పెట్టిన తొమ్మిది మందికీ మళ్ళీ, మిగిలిన ఇరవై ఇద్దరికీ చేశారు. రీడింగ్ పేజీ ఎటూ పాతదే వస్తుంది కాబట్టి, మార్చుకున్నవాళ్ళని అది రాగానే మళ్ళీ రెండు చేసుకోమన్నారు, మార్చనివాళ్ళని ముట్టుకోవద్దన్నారు. పదిన్నరకి మొదలుపెడితే మూడు దాటింది. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడటం, ఆమె రాయడం. ఒకాయన తన భార్య జ్వరం గురించి పావుగంట చెప్పాడు, విన్నారు. ఒకాయన, "ప్రోగ్రామా? అది బోర్డులోనే ఉంటుందనుకున్నానే" అన్నాడు. మధ్యలో గంటకోసారి ఆపరేటర్ లేచి నడవాలోకి వెళ్ళి, బోర్డు చెప్పే అంకెలు నిజమో కాదో థర్మామీటరుతో చూసి వచ్చేవాడు. బోర్డు మీద నమ్మకం ఇంకా తిరిగి రాలేదు ఆయనకి. కుంటుతూ వెళ్ళడం, కుంటుతూ రావడం. మేం తెచ్చుకున్న డబ్బాలో అన్నం చల్లబడి గట్టిపడింది, ముగ్గురం అదే తిన్నాం.

ఇరవై మూడో పేరు దగ్గర ఒకటి తగిలింది. ఆ ఆవిడ తలుపుల కమాండ్ పేజీలోంచి కూడా పేర్లు తీసుకుంటోంది, అదే పద్ధతిలో. పిన్ని రాసుకుంది. తర్వాత ఎనిమిది మందీ "అదొక్కటే" అన్నారు.

నాలుగింటికి పిన్ని మేనేజర్‌కి ఫోన్ చేసింది. "రెండు పేజీలండి. రీడింగు, తలుపులు. మిగతా నూట పదీ ఎవరూ ముట్టుకోలేదు. ముప్పై ఒక్క మందినీ అడిగాం."

అవతల నుంచి, "మీరు వెతకనివాళ్ళు ఇంకెవరైనా ఉంటే?" అని వినిపించింది.

"తెలీదండి" అంది పిన్ని. ఆపరేటర్ చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"అయ్యా, నేను పద్దెనిమిది గదులవాణ్ణి. నిన్న మీకు తిట్లు పంపింది నేనే. పాత రికార్డులు చెరిపే కమాండ్ ఉంది చూడండి, ఆరేళ్ళు దాని జోలికి పోలేదు. భయం. మొన్న కొత్త పేజీ చదివి, తేదీ ఇవ్వకపోతే ఆగిపోతుందని తెలిసి, మొదటిసారి వాడా. డిస్కు సగం ఖాళీ అయింది. మీరు పాత పేజీలు పెడితే నాకు మళ్ళీ భయం మొదలవుతుంది. నా రెండు ఖాళీలు నాకిచ్చేసి, మిగతాది అలాగే ఉంచండి. ఇంకెవరైనా అరిస్తే అప్పుడు చూద్దురు గాని."

"ఆఁ. ఆఁ. చెబుతా" అని పెట్టేశాడు. "రెండు పేజీలు అక్షరం తేడా లేకుండా పాతవే ఉండాలంట. దిద్దుబాట్లేవీ వద్దంట. మిగతాది ఉంటుందంట."

పిన్ని తల ఊపింది. లేవబోయి, కుర్చీ పొట్టి కాలు మర్చిపోయి తూలింది. ఆపరేటర్ పట్టుకోబోయి మోకాలు కలుక్కుమని మళ్ళీ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, నవ్వే ఓపిక లేదు.

నేరుగా ఆఫీసుకే వెళ్ళాం. రెండు పేజీలూ ఆమే చేత్తో టైపు చేస్తానంది. పాత ఫైలు ఎక్కించేస్తే సరిపోతుంది కదా అన్నారు వలెనుగారు. "పెట్టండి. కానీ సరిచూడకుండా పంపను" అంది. ప్రెస్సులో సరిచూడటమంటే ఒకరు పాత కాగితం పైకి చదవాలి, ఇంకొకరు కొత్తది చూడాలి. అక్షరాలే కాదు, చుక్కలూ ఖాళీలూ కూడా నోటితో చెప్పాలి. నన్ను చదవమంది.

"రెండు ఖాళీలు. మీటరు పేరు ఇవ్వు. చివర చుక్క లేదు" అని చదివాను.

"చుక్క లేదు" అంది, తెర చూస్తూ.

"కొత్త వరస. ఖాళీ లేదు. చదరపు బ్రాకెట్. గది సంఖ్య ఇవ్వవలెను. బ్రాకెట్ మూయలేదు."

"మూయలేదు."

ఇరవై ఆరేళ్ళు తప్పులు ఏరిన మనిషి, ఒక్క తప్పు కూడా జారిపోకుండా చూసుకుంటోంది. పక్కన నిలబడి వింటున్న వలెనుగారు ఓ చోట, "ఆ బ్రాకెట్ నాదే మేడం" అన్నారు.

"తెలుసండి."

"ఆ మీటర్ల జాబితా కమాండ్ సోమవారం మొదలుపెడతా."

పిన్ని తెర మీంచి కళ్ళు తియ్యలేదు. "దానికి సహాయం పేజీ రాయాలి. మొదలుపెట్టగానే పిలవండి, వచ్చి నిలబడతాను."

మేనేజర్ ఇంకో ఆర్నెల్లు పొడిగించాడు. శాశ్వతం అనలేదు. ఆమె అడగలేదు.

చివర్లో ఆ రెండు పేజీలూ ప్రింటు తీసింది. ప్రెస్సులో ఒక గుర్తు ఉండేదట. దిద్దేవాడు తొందరపడి దేన్నైనా కొట్టేస్తే, కొట్టేసింది పొరపాటు, ఉన్నది ఉన్నట్టే ఉంచండని చెప్పడానికి అక్షరాల కింద వరసగా చుక్కలు పెడతారు. పిన్ని పెన్సిలు చెక్కుకుని, వంకర వరసల కింద, మూయని బ్రాకెట్ కింద, 'ఇవ్వు' కింద, ఎడమ అంచున ఏమీ లేని ఆ రెండేసి ఖాళీల కింద కూడా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. పెట్టి గోడ మీద తన నియమాల పక్కనే అంటించింది. మర్నాడు కొత్తగా చేరిన ప్రోగ్రామర్ ఒకమ్మాయి దాన్ని చూసి, "మేడం, ఇందులో బ్రాకెట్ మూయలేదండి" అంది.

"చూశానమ్మా" అంది పిన్ని. "దాన్ని అలాగే ఉండనియ్యి."